మడమల కింద దుప్పటి

మా బ్యాచ్‌లో శవాలంటే భయం లేనిదాన్ని నేనొక్కదాన్నే అని మొదటి నెలంతా అందరూ నమ్మారు. భూపాలపల్లి నుంచి వచ్చిన మిథున్ మొదటి రోజే కళ్ళు తిరిగి పడిపోయాడు. దేవరుప్పుల ప్రియదర్శిని ముక్కుకు చున్నీ చుట్టుకుని రెండుసార్లు బయటికి పరుగెత్తింది. నేను మాత్రం కదలకుండా మెదలకుండా నిలబడ్డాను. అది ధైర్యం కాదు. నాకు బతికున్న మనుషులంటేనే భయం. ఆ హాల్లో నన్ను ఏమీ అడగని మనిషి టేబులు మీద పడుకున్న ఆమె ఒక్కతే. అందుకని ఆమె పక్కన నిలబడ్డం నాకు మొదట్లో హాయిగానే ఉండేది.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో జనగామలో మెడిసిన్‌లో చేరాను. హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే లేచి "ఎస్ మేడం" అనేదాన్ని. అన్నాననే అనుకునేదాన్ని. అది గొంతు దాటి బయటికి వస్తే గదా! మొదటి బెంచీలో కూర్చుని కూడా గైర్హాజరు వేయించుకున్న ఘనత మా కాలేజీలో నాదే. చివరికి నా రూమ్మేట్ ప్రియదర్శినికే చిరాకొచ్చింది.

"వచ్చింది మేడం, గీడనే ఉన్నది కల్యాణి! కండ్లముందట కూసున్నది!" అని అరిచింది.

క్లాసంతా నవ్వింది. నాకు చచ్చినంత పనైంది. ఆ రోజు నుంచి నా పేరు పిలిస్తే ప్రియదర్శినే పలికేది. వాళ్ళ నాయన మాజీ సర్పంచ్. ఆ ఇంట్లో పిల్లలు కూడా మైకు లేకుండానే ఊరికి వినిపించేలా మాట్లాడతారనుకుంటా. "ఏందే, నీ గొంతు ఇంట్ల మర్చిపోయి వచ్చినవా?" అని వేళాకోళం చేసేది గానీ, నా కంచంలో కూర తక్కువైతే తన కంచంలోంచి వేసేది.

గొంతు ఇంట్లో మరిచిపోయి రావడం నిజమే. మాది మానుకోట జిల్లా గార్ల దగ్గర తండా. ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ భాష. ఫోనొస్తే హాస్టల్ వెనక నీళ్ళ ట్యాంకు చాటుకు పోయి మాట్లాడేదాన్ని. సిగ్గుపడ్డానని కాదు. ఎవరైనా విని, "గదేం భాష, ఒకసారి మాట్లాడు చూద్దాం" అంటే పదిమంది నా నోటివైపు చూస్తారు. ఆ చూపులు నేను తట్టుకోలేను.

హాల్లో మాది కిటికీ పక్కన నాలుగో టేబులు. మొదటి రోజు అనాటమీ సులోచన మేడం మమ్మల్ని అందరినీ చేతులు కట్టుకుని నిలబెట్టి ప్రమాణం చేయించారు. "ఈమె మీ మొదటి గురువు. పేరు మనకు తెలియదు. తెలియదు కాబట్టి ఇంకా ఎక్కువ మర్యాదగా ఉండాలి," అన్నారు. బయట వరండాలో మిథున్ అటెండర్ జగపతిని అడుగుతుంటే విన్నాను.

"ఈమె ఎవలన్నా?"

"ఎవలని చెప్పాలె తమ్మీ. రెండేండ్ల కింద వరంగల్ దిక్కు రైలు స్టేషన్ల పడిపోయి ఉన్నదట. దవాఖానల పానం పోయిందట. ఎవ్వలూ రాలే. బేవారస్."

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పటికింకా తెలియదు.

ఛాతీ దగ్గర మొదలుపెట్టే రోజు మేడం దుప్పటి కిందికి లాగారు. మందునీళ్ళలో నాని ఒళ్ళంతా నల్లబడి బిగిసిపోయి ఉంది. తల గొరిగేశారు. ముఖం ఎండి, ఎవరిదో గుర్తుపట్టేలా లేదు. కానీ మోచేతుల పైనుంచి భుజాల దాకా, రెండు చేతులకీ, ఒకదాని మీద ఒకటిగా గాడులున్నాయి. అక్కడ చర్మం లోపలికి నొక్కుకుపోయి, మిగతా నలుపు కంటే ఒక చాయ తక్కువగా ఉంది.

"ఇవేంది మేడం? తాళ్ళతోని కట్టేసిన్రా?" అన్నాడు మిథున్.

మేడం వంగి చూశారు. "నాకూ అర్థం కావట్లేదు. ఎవరికైనా తెలుసా?"

నాకు తెలుసు. అవి బల్యాల గుర్తులు. మా ఆడవాళ్ళకు పెళ్ళినాడు భుజం దాకా తొడిగే తెల్లటి గాజులు. స్నానానికి తీయరు, నిద్రకు తీయరు, కూలికి పోయినా తీయరు. భర్త పోతేనే తీస్తారు. ఒకసారి జ్వరమొచ్చి మానుకోట దవాఖానలో సెలైన్ పెట్టడానికి మా దాది బల్యాలు తీయించారు. మా నాయనమ్మకు ఆ గాజుల కింద ఇంకో జత చేతులున్నాయని అప్పుడు తెలిసింది నాకు. గాడులు పడి, ఎండ తగలక పసిపిల్ల ఒళ్ళులా తెల్లగా ఉన్నాయి.

మాట నోటిదాకా వచ్చింది. చెబితే అందరూ నావైపు తిరుగుతారు. నీకెట్ల తెలుసంటారు. మింగేశాను.

మింగాక జగపతి మాట వెనకనుంచి వచ్చి పట్టుకుంది. రెండేండ్ల కింద. రైలు స్టేషన్ల.

మా దాది పేరు ద్వాళి. ఆమె తప్పిపోయి అప్పటికి రెండేళ్ళు. భూపాలపల్లిలో ఉన్న కూతురిని, అంటే మా ఫూఫీని చూసొస్తానని బయల్దేరింది. అప్పటికే కొంచెం మతిమరుపు మొదలై, కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. మా దాదా, అంటే తాత రెడ్యా, ఆమెను గార్లలో రైలెక్కించి, పక్కనున్న వాళ్ళకు చెప్పి, కిటికీలోంచి నీళ్ళ సీసా అందించి వచ్చాడు. మానుకోటలో దిగి బస్సెక్కాలి. ఆమె అక్కడ దిగలేదు. ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియదు. మా బాపు ప్రేమ్‌చంద్ ఫొటో పట్టుకుని మానుకోట, వరంగల్, భూపాలపల్లి తిరగని సందు లేదు. ఫూఫీ మా ఇంటికి రావడమే మానేసింది. తన దగ్గరికి వస్తూనే పోయింది గదా అని ఆమె బాధ.

దాదా మాత్రం ఆమె వస్తుందనే ఉన్నాడు. మంచం తీయనివ్వలేదు. మా దాదికి ఎండాకాలంలో కూడా పాదాలు చల్లగా ఉండేవి. పడుకున్నాక దాదా వచ్చి, ఒక మడమ ఎత్తి దుప్పటి అంచు దాని కింద దోపి, రెండో మడమ ఎత్తి దాని కింద దోపి, అప్పుడు పోయి తన మంచమెక్కేవాడు. "సచ్చినదాన్ని కట్టినట్టు కడ్తవేంది!" అని ఆమె రోజూ తిట్టేది. ఆయన రోజూ దోపేవాడు.

మా దగ్గర దీపావళికి నిప్పులు పరిచి, బెల్లమన్నం, నెయ్యి వేస్తూ పోయినవాళ్ళ పేర్లు తీస్తారు. ధబ్కార్ అంటాం. పేరు తీస్తే పోయినట్టే లెక్క. కిందటేడు బాపు మెల్లగా, "బాపూ, యాడి పేరు గూడ తీద్దామా?" అన్నాడు. యాడి అంటే మా భాషలో అమ్మ. దాదా చేతిలోని గిన్నె నేలకు కొట్టాడు. ఆ పండుగ మేమెవరం అన్నం తినలేదు.

ఆ గాడులు చూసిన రోజు నుంచి నాకు ఆ హాలు హాలు కాకుండా పోయింది. అందరూ ఛాతీ దగ్గర మూగితే నేను కాళ్ళ దగ్గరికి జరిగి, పుస్తకం పట్టుకుని చదివి వినిపించే పని తీసుకున్నాను. అదీ వాళ్ళకు సగమే వినిపించేది. అన్నం కలిపితే వేళ్ళకు ఆ మందు వాసన. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. జనగామ బస్టాండులో మా వాళ్ళలాంటి ముసలామె కనిపిస్తే వెనక నడిచేదాన్ని. ముఖం చూసేదాకా ప్రాణం నిలిచేది కాదు. చూశాక, ఈమె కాదు, అయితే అక్కడున్నదే ఆమె అనిపించేది. ఒకసారి టేబులు దగ్గర నిలబడి పెదవులు కదపకుండా మా భాషలో "దాదీ" అని పిలిచాను. ఏమవుతుంది? ఏమీ కాలేదు. అయినా గబగబా బయటికొచ్చేశాను.

"నీకు ఏమైందే? జ్వరమా? ఎవడన్న ఏమన్న అన్నడా? చెప్పు, నేను చూస్తగ," అని ప్రియదర్శిని పీక్కుతినేది. తల అడ్డంగా ఊపేదాన్ని. చెప్పాలంటే ఆ గాడుల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఫోన్లో బాపుకు చెబుదామని ట్యాంకు చాటుకు పోయి, "ఇక్కడ వానలు తగ్గినయ్," అని చెప్పి పెట్టేసేదాన్ని.

దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు బట్టలన్నీ సర్దేశాను. తిరిగి రాకూడదని నిర్ణయించుకునే సర్దాను.

చెప్పింది దాదాకే. పత్తి తొలి తీత నడుస్తోంది. బాపు, మా యాడి ఆ చివరి సాళ్ళలో ఉన్నారు. నేను దాదా పక్క సాలు పట్టాను. మేం మాట్లాడుకున్నది మా భాషలో. దాన్ని తెలుగులోకి మార్చి చెబుతున్నాను.

"దాదా, నేను ఇగ కాలేజీకి పోను."

"ఎందుకు పోవు?"

చెప్పాను. రెండు కాయల పత్తి తీసేదాకా ఆయన చేయి ఆగలేదు. మూడో కాయ మీద ఆగింది.

"మొఖం చూసినవా?"

"చూసిన. గుర్తు పట్టరాదు. బల్యాల గాడులున్నయ్."

"గవి మన ఆడోళ్ళందరికి ఉంటయ్ గద."

"అందుకనే దాదా. దాదినో కాదో తెల్వదు. తెల్వకుంట ఆమె మీద కత్తి పెట్టలేను. దాదినే అయితే ఇంటికి తెచ్చుకుందాం. నేను ఆ సదువు ఇడిసిపెడ్త. మల్ల ఆ గడప తొక్కను."

"కాకుంటే?"

"కాకుంటే సదువుకుంట."

ఆయన కాయలోంచి పత్తి లాగి నడుముకు కట్టిన ఒడిలో వేసుకున్నాడు. "మీ బాపుకు చెప్పకు. ఇప్పటికే మస్తు తిరిగిండు వాడు. రేపు మనిద్దరం పోదాం."

సెలవుల్లో కూడా సులోచన మేడం మధ్యాహ్నం దాకా కాలేజీలో ఉండేవారు. గది బయట నిలబడి నేను దాదా చొక్కా అంచు పట్టుకున్నాను, చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు. మేడం తలెత్తి, "ఏం కావాలి పెద్దాయనా?" అన్నారు.

దాదాకు తెలుగు రాక కాదు. సంతలో బేరమాడితే ఎదుటివాడు చేతులెత్తాల్సిందే. కానీ నావైపు తిరిగి మా భాషలో, "నువ్వు మాట్లాడు. నేను నీ ఎంబడి వచ్చిన, అంతే," అన్నాడు.

మాట్లాడాను. మాట మధ్యలో తెగింది, మళ్ళీ అతికించుకుని మాట్లాడాను. బల్యాల గురించి చెప్పాను, దాది గురించి చెప్పాను. ఆ రోజు తాళ్ళు కావని తెలిసి కూడా నోరు విప్పలేదని చెప్పాను. మేడం కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"పెద్దాయనా, మీరు అవునంటే పోలీసులకు రాస్తాం. కొన్ని పరీక్షలుంటాయి. ఆ తర్వాత ఆమెను మీ ఇంటికి పంపిస్తాం. కాదంటే ఆమె ఇక్కడే ఉంటుంది, పిల్లలు నేర్చుకుంటారు. తొందరేం లేదు. బాగా చూసి చెప్పండి."

ఆయనకు అర్థమైంది. అయినా నేను మళ్ళీ మా భాషలో చెప్పాను. ఆ భవనంలో మా భాష గట్టిగా వినిపించడం అదే మొదటిసారి.

హాల్లో ఎవరూ లేరు. కిటికీల్లోంచి ఎండ టేబుళ్ళ మీద పడుతోంది. దాదా గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. మేడం ఛాతీ మీది గుడ్డ సర్ది, చేతులు కనిపించేలా దుప్పటి తొలగించి, దూరంగా జరిగారు.

ఆయన తల వైపు పోలేదు. ముందు కాళ్ళ దగ్గరికి పోయాడు. పాదాలు చూశాడు. తర్వాత చేతి దగ్గరికి వచ్చి మోచేతి పైన అరచేయి ఆనించి, ఆ గాడుల మీదుగా భుజం దాకా పోనిచ్చాడు. ముఖం చూశాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అందులో ఏ మార్పూ లేదు. మళ్ళీ కాళ్ళ దగ్గరికి పోయాడు. అక్కడ దుప్పటి జారి ఉంది. దాన్ని లాగి, ఒక మడమ ఎత్తి కింద దోపాడు. రెండో మడమ ఎత్తి కింద దోపాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"కాదు బిడ్డా," అన్నాడు. "ఈమె మీ దాది కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్ని వారాలు గుండెల మీద మోసిన బండ దిగిపోయిన ఏడుపు అది. మేడం నా వీపు నిమిరారు. దాదా ఆమెకు చేతులు జోడించి, తెలుగులో, "పిల్లకు మంచిగ నేర్పుండ్రి మేడం. జర బుగులు ఎక్కువ దీనికి," అన్నాడు.

బయట నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. స్టేషన్లో అరటిపండ్లు కొన్నాడు. నేను ఆకలితో గబగబా తిన్నాను. ఆయన ఒకటి ఒలుచుకుని చేతిలో పట్టుకున్నాడు. కాజీపేటలో బండి మారేటప్పుడు కూడా అది అట్లాగే చేతిలో ఉంది. అరుగుదల లేదేమోలే అనుకున్నాను. సంతోషంలో ఉన్నవాళ్ళకు కళ్ళు సరిగా కనపడవు.

"ఆడ ఇగ ఏం నేర్పుతరు?" అనడిగాడు రైల్లో.

"చేతుల నరాలు. ఏ నరం ఏ వేలుకు పోతదో."

"మెల్లగ కొయ్యుండ్రి," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఎవరైతేంది. మన తల్లే గద."

సెలవులయ్యాక తిరిగి వెళ్ళాను. అన్నం తినబుద్ధయ్యింది. "ఎస్ మేడం" అంటే రెండో బెంచీ దాకా వినిపించిందని ప్రియదర్శిని ప్రకటించి, సమోసాలు తెచ్చి పార్టీ చేసింది. పరాయి మనిషని తెలిశాక నాలుగో టేబులు దగ్గర నేను మామూలుగా నిలబడగలిగాను. కత్తి మాత్రం ఇంకా పట్టలేదు.

దీపావళికి ఇంటికి పోయేసరికి ఫూఫీ వచ్చి ఉంది. రెండేళ్ళ తర్వాత రావడం. దాదాయే ఫోన్ చేసి రమ్మన్నాడట. వాకిట్లో నిప్పులు పరిచారు. యాడి బెల్లమన్నం వండింది. దాదా ముందు కూర్చున్నాడు, మేమంతా వెనక నిలబడ్డాం. నెయ్యి పోసి, అన్నం వేసి, వాళ్ళ తాత పేరు తీశాడు. తండ్రి పేరు, తల్లి పేరు. చిన్నప్పుడే పాము కరిచి పోయిన తమ్ముడి పేరు. అక్కడితో అయిపోతుంది ఎప్పుడూ. బాపు నీళ్ళ చెంబు అందించబోయాడు. దాదా అందుకోలేదు. ఇంకో పిడికెడు అన్నం తీసి నిప్పుల మీద వేశాడు.

"ద్వాళి," అన్నాడు.

నెయ్యికి మంట లేచింది. బాపు చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది.

"బాపూ! ఏడన్న దొరికిందా? ఎవరన్న చెప్పిన్రా?"

"ఎవ్వరు చెప్పలే. రెండేండ్లు చూసిన గద. ఇగ చాలు."

ఫూఫీ ఒక్కసారిగా యాడిని వాటేసుకుని రాగమెత్తి ఏడ్చింది. మా ఆడవాళ్ళ ఏడుపులో పోయిన మనిషి కథంతా ఉంటుంది. ఆమె చేతి వంట, ఆమె తిట్లు, ఆమె ఎక్కిన రైలు, అన్నీ వచ్చాయి. రెండేళ్ళు ఆగిన ఏడుపు. బాపు గోడకానుకుని పిల్లాడిలా ఏడ్చాడు.

నేను దాదా చేతుల వైపు చూస్తున్నాను. వేళ్ళకంటిన మెతుకులు దులుపుకుంటున్నాయి. ఆ చేతులే. ఒక మడమ ఎత్తి, దోపి, రెండో మడమ ఎత్తి, దోపిన చేతులు.

అప్పుడు తెలిసింది నాకు.

అవునంటే ఆమె ఇంటికొచ్చేది. కొడుకు కొరివి పెట్టేవాడు. ఫూఫీ ఆ రోజే ఏడ్చి ఉండేది. ఆయనకు కావలసిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ అవునంటే నేను చదువు వదిలేస్తానన్నాను. పత్తి చేలో, ఆయన ముఖం మీదే అన్నాను. భార్యను ఆ టేబులు మీద వదిలి, నాకు అరటిపండ్లు కొనిపెట్టి, నా పక్కన కూర్చుని ఇంటికొచ్చాడు. ఆమెకు దక్కిన మంట ఈ పిడికెడు నిప్పులే.

కోపం వచ్చింది, ఆయన మీద కంటే నా మీద ఎక్కువ. బాపుకు చెప్పేద్దామని నోరు తెరిచాను. దాదా తలెత్తి నావైపు చూశాడు. బతిమాలుతున్న చూపు అది. ఆయన ఎవరినీ ఏదీ బతిమాలగా నేను చూడలేదు. నోరు మూసుకున్నాను. పుట్టినప్పటి నుంచి భయంతో మూసుకుంటూనే ఉన్నాను గానీ, ఆ రోజు మాత్రం కావాలని మూసుకున్నాను.

రైలెక్కించడానికి గార్ల స్టేషనుకు ఆయనే వచ్చాడు. ఆమెను ఎక్కించిన చోటే నిలబడ్డాం.

"దాదా..." అన్నాను.

"బండొచ్చింది. ఎక్కు."

ఎక్కాను. కిటికీలోంచి నీళ్ళ సీసా అందించాడు. చేయి వెంటనే వెనక్కి తీయలేదు. "సెలవులిస్తే రా బిడ్డా," అన్నాడు. "ఇడిసిపెట్టి మాత్రం రాకు."

జనగామ వచ్చేదాకా ఆలోచించాను. దిగగానే మేడం దగ్గరికి పోయి చెప్పేయవచ్చు. చెబితే ఆయన ఇచ్చినదాన్ని ఆయన ముఖాన కొట్టినట్టు. చదువు వదిలేస్తే ఆమె అక్కడ ఉండటమే దండగ. ఇప్పటికీ నాకు రుజువంటూ ఏమీ లేదు. ఎవరో ముసలామె పాదాలకు దుప్పటి కప్పే మంచితనం ఆయనకు లేకపోలేదు. అట్లా అనుకుని నన్ను నేను ఊరడించుకోవాలని చాలాసార్లు చూశాను. ఊరట దొరకలేదు.

మర్నాడు హాల్లో చేతి వంతు వచ్చింది. నేను కాళ్ళ దగ్గర నుంచి కదిలి చేతి దగ్గరికి వచ్చాను. ప్రియదర్శిని కళ్ళు పెద్దవి చేసి, కత్తి నాకు అందించింది.

"ఈ తాళ్ళ గుర్తుల కాడ జాగ్రత్త. తోలు గట్టిగుంటది," అన్నాడు మిథున్.

"తాళ్ళు కాదు," అన్నాను. "బల్యాలు. మా లంబాడోళ్ళల్ల పెండ్లినాడు తొడుగుతరు. మొగడు ఉన్నన్ని దినాలు తియ్యరు."

అందరూ నావైపు తిరిగారు. పక్క టేబులు వాళ్ళు కూడా. ఇన్నాళ్ళూ ఏ చూపులకు భయపడి చచ్చానో అవన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. నాకేమీ కాలేదు.

మిథున్ ఆ గాడుల వైపు చూస్తూ, "అంటే... ఈమె మొగడు బతికే ఉన్నడా?" అన్నాడు.

"ఉన్నడు," అన్నాను.

మేడం కిటికీ దగ్గర నిలబడి నావైపే చూస్తున్నారు. నేను వంగి, మొదటి గాడు పైన కత్తి ఆనించి, మెల్లగా కోశాను. మెల్లగా ఎట్లా కోయాలో నాకు చెప్పి పంపారు గదా.

క్లాసు అయిపోయాక అందరూ చేతులు కడుక్కోవడానికి పోయారు. నేను దుప్పటి పైదాకా కప్పి, కాళ్ళ దగ్గరికి వచ్చి, ఒక మడమ ఎత్తి కింద దోపాను. చల్లగా ఉంది. రెండో మడమ ఎత్తి దోపాను.

ప్రియదర్శిని తడిచేతులతో వచ్చి వెనక నిలబడింది. "గంత పైలంగ ఎందుకే?"

"ఆమెకు కాళ్ళు చల్లవడ్తయ్," అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నా ముఖం చూసింది. దుప్పటి చూసింది. ఆ రోజు హాస్టల్ దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రియదర్శిని మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు క్లాసు అయ్యాక తను చేతులు కడుక్కోవడానికి పోలేదు. నాకంటే ముందే కాళ్ళ దగ్గరికి వచ్చి, ఎడమ మడమ ఎత్తి, దాని కింద దుప్పటి దోపింది. కుడిది నాకు వదిలింది.